గానోడెర్మాను గుర్తుపట్టడానికి ఏది మేలు: లెన్సా, మైక్రోస్కోపా, డీఎన్‌ఏ పరీక్షా?

పర్లాకిమిడి చుట్టుపక్కల వానలు పడ్డాక కొబ్బరి మొదళ్ల దగ్గర, జీడి మోడుల మీద గట్టి చెక్కలాంటి పుట్టగొడుగులు పుట్టుకొస్తాయి. 2018లో తిత్లీ తుపాను ఇటు గజపతి జిల్లాలో, అటు ఉద్దానంలో ఎన్ని చెట్లు కూల్చిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. కూలిన మొద్దు తీయకుండా వదిలేస్తే వీటికి పండగే. అడుగున సన్న చిల్లులు కనబడగానే చాలామంది ‘గానోడెర్మా’ అనేస్తారు. కానీ ఇలాగే చెక్క మీద పెరిగే ఫెల్లినస్, ట్రామెటిస్, హెక్సాగోనియా అన్నిటికీ చిల్లులుంటాయి.

పదింతలు పెద్దగా చూపే చిన్న లెన్సుతో మొదలుపెడదాం. హెక్సాగోనియా చిల్లులు చాలావాటిలో లెన్సు లేకుండానే కనిపించేంత పెద్దవి, కాబట్టి దాన్ని వెంటనే పక్కన పెట్టేయొచ్చు. పైన వార్నిష్ పూసినట్టు ఎర్రగా మెరిస్తే గానోడెర్మాను అనుమానించండి. కాకపోతే ఆ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) మెరుపు లేనివీ చాలా ఉన్నాయి. మెరుపుకన్నా నేను నమ్మేది దుమ్మునే. గానోడెర్మా కింద ఉన్న ఆకుల మీద, గడ్డి మీద కోకో రంగు పొడి పేరుకుంటుంది. అవే దాని సిద్ధబీజాలు, విత్తనాల్లాంటివి. ట్రామెటిస్ పొడి తెల్లగా ఉంటుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కండ నల్లబడితే ఫెల్లినస్ అని తేల్చేసేవాళ్లున్నారు. గానోడెర్మా గోధుమరంగు కండ కూడా ఆ చుక్కకి నల్లబడొచ్చు. ఈ రెండిటినీ విడదీయడానికి ఆ ఒక్క పరీక్షనే నమ్ముకోకూడదు.

ఆ అనుమానం తీర్చేది మైక్రోస్కోప్. కాలేజీ ల్యాబ్‌లో నూనె చుక్క వేసి చూసే ఆయిల్ లెన్సు ఉంటే చాలు. గానోడెర్మా సిద్ధబీజం గుడ్డు ఆకారంలో ఉండి ఒక కొస తెగినట్టు కనిపిస్తుంది. దానికి రెండు గోడలు, ఆ గోడల మధ్య చిన్న చిన్న స్తంభాలు. ఫెల్లినస్‌లో ఈ ఏర్పాటు లేదు, పైగా దాని చాలా రకాల్లో చిల్లుల గోడల నుంచి గోధుమరంగు ముళ్లు పొడుచుకొస్తాయి. రెండు గోడలుండే దగ్గరి చుట్టం అమోరోడెర్మాలో కొస అలా తెగి ఉండదు. ప్రజాతి వరకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

జాతి పేరు కావాలంటేనే చిక్కు. 1781లో ఇంగ్లండ్ నమూనాకి వృక్షశాస్త్రవేత్త కర్టిస్ ‘లూసిడస్’ అని పేరు పెట్టాడు. దాన్నే ఆధారం చేసుకుని 1881లో శిలీంధ్ర శాస్త్రవేత్త కార్స్టెన్ గానోడెర్మా ప్రజాతిని ఏర్పరిచాడు, అందులో ఆ పేరు ‘లూసిడమ్’ అయింది. తర్వాత ప్రపంచంలో ఎక్కడ మెరిసేది దొరికినా లూసిడమ్ అనేశారు. చైనా వాళ్లు మందుగా వాడే లింగ్జీ వేరే జాతి అని దానికి కొత్త పేరు పెట్టింది 2012లో. శిలీంధ్రాలకు ఐటీఎస్ అనే డీఎన్‌ఏ ముక్కను ప్రధాన బార్‌కోడ్‌గా (జాతిని గుర్తుపట్టే ముద్రగా) ప్రతిపాదించిందీ అదే ఏడాది. అయితే పాత తప్పు పేర్లు డీఎన్‌ఏ డేటాబ్యాంకుల్లోకీ ఎక్కాయి. మీ నమూనా 99 శాతం సరిపోయినా అది సరిపోయింది తప్పు పేరుతోనే కావచ్చు. దగ్గరి జాతుల్ని విడదీయడానికి ఐటీఎస్ ఒక్కటే చాలదు, ఇంకో ఒకట్రెండు జన్యువులు చదివించాలి.

నా ఓటు మైక్రోస్కోప్‌కే. కొబ్బరి రైతుకి మాత్రం అదీ అక్కర్లేదు. చెట్టు మొదలు దగ్గర ఎర్రటి బంక కారుతూ, పక్కన ఈ పుట్టగొడుగు కనిపిస్తే చాలు. లూసిడమ్ అయినా, ఇంకోటైనా చెట్టు చుట్టూ కందకం తవ్వాలి, వేపపిండి, ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం వేయాలి. డీఎన్‌ఏ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగితే తెగులు పక్క చెట్టుకీ పాకుతుంది.

మహేంద్రగిరి వాలుల్లో దొరికినదానికి కచ్చితమైన పేరు పెట్టి ప్రచురించాలనుకునే విద్యార్థికి డీఎన్‌ఏ తప్పదు. కానీ ముందు నమూనాను కాగితం సంచిలో తెచ్చుకోవాలి, ప్లాస్టిక్ కవర్లో అయితే బూజు పడుతుంది. ఆరబెట్టి, ఏ చెట్టు మీద దొరికింది, ఆ చెట్టు బతికుందా చచ్చిందా, పచ్చిగా ఉన్నప్పుడు అడుగు ఏ రంగు అన్నవి రాసిపెట్టాలి. రేపు ఆ పేరు మారితే మళ్లీ తీసి చూసుకోవడానికి ఉండేవి ఆ ఎండు ముక్క, ఆ చీటీ.