మెదక్ చర్చా, డోర్నకల్ చర్చా: వరంగల్ నుంచి పోతే ఏది మేలు?

ఒక్కరోజులో పోయి రావాలి, పాత చర్చి ఒక్కటే చూడగలం అంటే చాలామంది ఆలోచించకుండా మెదక్ అంటారు. నేను డోర్నకల్ అంటాను. పిల్లలు, పెద్దవాళ్లతో కలిసి కారులో పోయేవాళ్లు మాత్రం నా మాట వినొద్దు, మెదక్‌కే పోండి, అక్కడ కోట కూడా ఉంది, రోజంతా గడుస్తుంది.

మెదక్‌కు ఆ పేరు ఊరికే రాలేదు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ కట్టించాడు, 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, గంట గోపురమే 175 అడుగులు, లోపల 5 వేల మంది పడతారట. కానీ నన్నడిగితే అక్కడ అసలు చూడాల్సింది సైజు కాదు, రంగుల అద్దాల కిటికీలు: క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. బయటి ఎండ వాటిలోంచి లోపలికి వస్తేనే ఆ బొమ్మలకు ప్రాణం, పొద్దుగూకాక చేరుకుంటే నల్లటి అద్దాలే మిగులుతాయి. అందుకే వరంగల్‌లో పొద్దున్నే బయల్దేరాలి, సిద్దిపేట మీదుగా దూరం తక్కువేం కాదు.

రాయి మన దగ్గరిదే అయినా మెదక్ చర్చి రూపం మాత్రం ఇంగ్లండ్‌ది. కోసుగా లేచే కమానులు, పైకి పోయేకొద్దీ సన్నబడే గోపురం, పక్కా గోథిక్, అంటే యూరప్‌లో మధ్యయుగాల నాటి చర్చిల శైలి.

డోర్నకల్‌లో కథే వేరు. భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి శాఖ) బిషప్ వి.ఎస్. అజరయ్య (1912లో బిషప్ అయ్యాడు, తమిళనాడు మనిషి) దాన్ని ఈ నేల కట్టడంలా ఉండాలని కట్టించాడు, కాబట్టి గుడి మండపంలో ఉండేలాంటి స్తంభాలు, మసీదు తరహా గుమ్మటాలు, మినార్లు, వాటి మధ్య సిలువ. వేయి స్తంభాల గుడి, ఖిలా చూస్తూ పెరిగినవాళ్లు ఈ చర్చిలో తెలిసిన మొహాలు వెతుక్కోవచ్చు, ఇది మెదక్‌లో దొరకదు. పనికి చాలా ఏళ్లు పట్టి 1939 జనవరి 6న, అంటే ఎపిఫనీ (తూర్పు జ్ఞానులు బాలయేసును దర్శించిన) పండుగ రోజున ప్రతిష్ఠ చేశారు, పేరు కూడా ఎపిఫనీ కెథెడ్రలే (కెథెడ్రల్ అంటే బిషప్ ప్రధాన చర్చి). అజరయ్య 1945లో పోయారు, సమాధి ఆ ఆవరణలోనే ఉంది.

లోపం లేదా అంటే ఉంది. చర్చి చూశాక ఊళ్లో ఇంకేం చూడాలో తెలియదు, రద్దీ లేదు కానీ హోటళ్లూ అంతంతే. వరంగల్ నుంచి రైలెక్కితే నేరుగా డోర్నకల్ జంక్షన్‌లో దిగొచ్చు, ఖర్చు మెదక్ కారు పెట్రోల్‌లో పిసరంత. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ అక్కడ ఆగవు, తిరుగు రైలు టైమ్ ముందే చూసుకుని పోండి.

ఎక్కడికైనా ఆదివారం ఉదయం వద్దు, ప్రార్థన నడుస్తుంటే స్తంభాల చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీయడం బాగుండదు. మెదక్‌కు క్రిస్మస్ నాడు అసలే వద్దు, ఆ జనంలో నేల మీది టైల్స్ కూడా కనిపించవు.