నల్లగొండ ‘విశ్వాసి అధికారం’ తరగతులు: పగటి పాఠాలకు తప్పక వెళ్లండి, రాత్రి సభ గురించి ఆలోచించుకోండి

క్రీస్తునందు విశ్వాసి ఎవరు, విశ్వాసం ద్వారా అతనికి దక్కిన అధికారం ఏమిటి అనే అంశంపై నల్లగొండ పట్టణంలో ఈ మధ్య మూడు రోజుల శిక్షణా తరగతులు జరిగాయి. ఇదే పాఠ్యపుస్తకంతో మిర్యాలగూడ, దేవరకొండ వైపు కూడా తరగతులు పెట్టబోతున్నట్టు నిర్వాహకులు ప్రకటించారు కాబట్టి, తమ సంఘం నుంచి ఎవరినైనా పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న పెద్దలకు, సండే స్కూల్ ఉపాధ్యాయులకు పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. రుసుము మనిషికి 400 రూపాయలు. అందులోనే పుస్తకం, మధ్యాహ్న భోజనం, రెండు పూటలా టీ ఇచ్చారు. ఆ ధరకు ఏ లోటూ చెప్పడానికి లేదు.

ముందుగా మెచ్చుకోవలసింది పాఠాల వరుసను. ఇటువంటి తరగతులు చాలావరకు దయ్యాలతోనూ గద్దింపులతోనూ మొదలవుతాయి. ఇక్కడ మాత్రం మొదటి రోజంతా అధికారం ఊసే లేదు. యోహాను సువార్త 1:12తో ఆరంభించి, రోమా పత్రిక 8వ అధ్యాయంలోని దత్తపుత్రాత్మ (మనల్ని దేవుని పిల్లలుగా చేసే ఆత్మ) మీదుగా, ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలోని కృప దగ్గరికి వచ్చి ఆగారు. విశ్వాసి ఏమి చేయగలడన్నది తరువాతి మాట అనీ, అతను ఎవరి బిడ్డ అన్నది ముందు తేలాలనీ, ఆ బిడ్డతనం అతని ఉపవాసాలకు దొరికిన కూలి కాదనీ ఉపాధ్యాయుడు తొందరపడకుండా, గొంతు పెంచకుండా వివరించారు. వాక్యం తెరిచి, ముందు వెనుక వచనాలు కూడా చదివించి మాట్లాడేవారు మన వైపు సభల్లో అరుదు కాబట్టి ఈ సంగతిని ప్రత్యేకంగా చెబుతున్నాను.

పుస్తకంలో ఒక అభ్యాసం ఉంది. పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు లోకం నన్ను ఏమని పిలిచిందో, కుడివైపు వాక్యం నన్ను ఏమని పిలిచిందో రాయమన్నారు. నా పక్క వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడకు రాయడం రాకపోవడంతో మనవరాలు ఆమె చెప్పినట్టు రాసిపెట్టింది. ఎడమవైపు ‘చదువు రానిది, మొగుడు లేనిది, అప్పులది’ అనీ, కుడివైపు ‘దేవుని కుమార్తె’ అనీ రాశాక, ఎడమవైపు మాటల మీద గీత గీయమని ఉపాధ్యాయుడు చెప్పారు. ఆ పిల్ల మొదటి రెండూ కొట్టేసి, “అమ్మమ్మా, అప్పులదన్నది గూడ కొట్టెయ్యాల్నా?” అని అడిగితే, ఆమె “అది ఉండనియ్ బిడ్డా, అప్పు ఇంక తీరలే గదా” అన్నది. ఆ రోజు విన్న వ్యాఖ్యానాలన్నిటిలోనూ నాకు సరిగ్గా తూగినది అదే. గుర్తింపు మారినంత మాత్రాన బాకీ మాఫీ కాదని ఆమెకు ఎవరూ బోధించనవసరం లేకపోయింది.

అయితే ఈ గుర్తింపు పాఠంలోనే ఒక పెద్ద ఖాళీ ఉంది. రష్యా నుంచి వచ్చిన, మెన్నొనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ శాఖకు చెందిన మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టిన నాటి నుంచి ఈ జిల్లాలో సువార్త ఎక్కువగా వెళ్లింది మాదిగ, మాల వాడలకే. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులతో “మీరు ఏర్పరచబడిన వంశము, రాజులైన యాజకసమూహము” అని పేతురు మొదటి పత్రిక చెప్పినప్పుడు ఆ మాట ఎంత బరువుగా దిగి ఉంటుందో ఊహించవచ్చు. ఇప్పటికీ వారి మనవలకు గుర్తింపు అన్నది కాగితం మీది ప్రశ్న కూడా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తరువాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవ్యంలోకి వచ్చిన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల జాబితాలోని సీ వర్గం) కింద లెక్కిస్తారు. అందువల్ల సంఘ రిజిస్టరులో ఒక పేరూ తహసీల్దార్ కార్యాలయంలో మరొక పేరూ ఉన్న కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. ఒక డిగ్రీ విద్యార్థి లేచి, “బాప్తిస్మం తీసుకున్నానని బయటికి చెప్తే సర్టిఫికెట్ పోతది, చెప్పకపోతే అబద్ధమైతది, నేను ఏ గుర్తింపులో నిలబడాలె అన్నా?” అని అడిగాడు. భోజన విరామంలో మాట్లాడుకుందామని జవాబు వచ్చింది. భోజన విరామంలో ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు. పుస్తకంలోని ఉదాహరణలన్నీ ఆఫీసు ప్రమోషన్ల చుట్టూ, సొంత కారు చుట్టూ తిరుగుతుండగా, నల్లగొండలో అచ్చు వేసిన పుస్తకంలో ఈ ఒక్క ప్రశ్నకు అర పేజీ కూడా లేకపోవడం నాకు సబబుగా తోచలేదు.

రెండవ రోజు అధికారం పాఠం. గడియారం సెంటర్‌లో చెయ్యెత్తి నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను ఉదాహరణగా తీసుకున్నారు. లారీని ఆపేది అతని కండబలం కాదు, అతణ్ణి అక్కడ నిలబెట్టిన ప్రభుత్వం. ఈ పోలిక చాలామంది బోధకులు వాడేదే అయినా, ఉపాధ్యాయుడు దాన్ని అక్కడితో వదిలిపెట్టక మత్తయి 8వ అధ్యాయంలోని శతాధిపతి దగ్గరికి తీసుకువెళ్లారు. “నేను కూడ అధికారమునకు లోబడినవాడను” అని ఆ సైనికాధికారి ముందు ఒప్పుకున్నాడు, తన కింది సైనికుల మాట ఆ తరువాతే ఎత్తాడు. అలాగే యాకోబు పత్రిక 4:7లో అపవాదిని ఎదిరించండన్న ఆజ్ఞకు ముందు దేవునికి లోబడి ఉండండన్న ఆజ్ఞ ఉంది. సర్వాధికారం తనకు ఇవ్వబడిందని మత్తయి 28:18లో చెప్పినవాడు క్రీస్తు. విశ్వాసికి ఉన్నది ఆయనతో ఐక్యతలో దొరికే వాటా మాత్రమే గనుక, ఆయనకు విధేయుడు కానివాడు ఆయన నామాన్ని ఎంత బిగ్గరగా పలికినా ప్రయోజనం ఉండదు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో, యేసు శిష్యులు కాకుండానే ఆయన నామంతో దయ్యాలను వెళ్లగొట్టబోయిన స్కెవ కుమారులు ఏడుగురూ దెబ్బలు తిని బట్టలు లేకుండా పారిపోయిన కథను ఇందుకే చదివించారు. శత్రువు బలమంతటి మీద అధికారం ఇచ్చానన్న లూకా 10:19ని కంఠతా పట్టించిన వెంటనే 20వ వచనం కూడా పట్టించడం, దయ్యాలు లోబడుతున్నాయని కాక పరలోకంలో పేర్లు రాయబడ్డాయని సంతోషించమన్న మాటను పైమాటగా నిలబెట్టడం ఈ తరగతులలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం.

రాత్రి సభలో బోధకుడు వేరు, బోధ కూడా వేరే. పగలు నేర్పిన లోబడడం అక్కడ కనిపించలేదు. నోటితో ప్రకటించింది జరిగి తీరుతుందనీ, జరగకపోతే ప్రకటించినవాడి విశ్వాసంలో లోపమనీ మైకు అదిరేలా చెప్పారు. ఈ ధోరణి 20వ శతాబ్దంలో అమెరికాలో ఇ.డబ్ల్యూ. కెన్యన్, కెన్నెత్ హేగిన్ వంటి బోధకుల ద్వారా బలపడి మన దాకా వచ్చింది. ఇది తొలి సంఘం నాటి నుంచి ఉన్నదే అన్నట్టు మాట్లాడకుండా, ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే వినేవారు తూచి చూసుకోగలుగుతారు. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఏండ్ల కిందటే కాళ్లు వంకరపోయాయి. ప్రార్థన వరుసలో తన వంతు వచ్చినప్పుడు ఆయన, “అయ్యగారూ, మా ఊర్ల సగం మందికి గిట్లనే ఉన్నది. అందరి విశ్వాసం తక్కువనేనా?” అని నెమ్మదిగా అడిగారు. బోధకుడు తలమీద చెయ్యి పెట్టి, గద్దించి, పక్క మనిషి దగ్గరికి వెళ్లిపోయారు.

పౌలు తన సహచరుడు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చానని తిమోతికి రాసిన రెండవ పత్రికలో చెబుతాడు. తన శరీరంలోని ముల్లు కోసం మూడుసార్లు వేడుకున్నా, “నా కృప నీకు చాలును” అనే జవాబే వచ్చిందని కొరింథీయులకు రాశాడు. అధికారం గురించి ఇంత రాసిన అపొస్తలునికే అది అనుభవమైతే, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మనిషి మీద విశ్వాసలోపం మోపడానికి ఎవరికీ హక్కు లేదు. ఈ రెండు వచన భాగాలూ పుస్తకంలో ఎక్కడా లేవు. అదే సభలో షుగర్ మాత్రలు మానేశానని ఒకరు సాక్ష్యం చెప్పినప్పుడు చప్పట్లు కొట్టారే తప్ప, డాక్టరును అడగకుండా మందులు ఆపవద్దని వేదిక మీది నుంచి ఒక్కరూ అనలేదు. ప్రార్థించడానికీ మాత్ర వేసుకోవడానికీ మధ్య విరోధం లేదన్న ఒక్క వాక్యం ప్రతి రాత్రీ ప్రకటనల్లో చదవాలని నిర్వాహకులకు నేను రాతపూర్వకంగా ఇచ్చాను.

పుస్తకం అచ్చు శుభ్రంగా ఉంది, అక్షరాలు పెద్దవి, కళ్లజోడు మరిచిపోయినవారు కూడా చదువుకోవచ్చు. అచ్చుతప్పులు మాత్రం సరిచూసుకోవాలి. క్రీస్తుతో కూడ పరలోకమందు కూర్చుండబెట్టబడ్డామనే పాఠంలో ఎఫెసీ 2:6 బదులు 6:2 అని పడింది. తీసి చూసినవారికి తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ ఎదురైంది, అదీ మంచిదే. ఫ్యాన్లు సరిపోలేదు. స్త్రీలకు కేటాయించిన వైపు చంటిపిల్లలతో కూర్చునేందుకు చాపలు వేయడం బాగుంది.

పగటి తరగతులకు ఐదింటికి నాలుగు, రాత్రి సభకు ఒకటి ఇస్తాను. రాత్రి సభ వదిలేసి పగటి పాఠాలకు మాత్రమే నమోదు చేసుకునే వీలూ ఉంది, రుసుములో తేడా ఉండదు. దేవరకొండ, మిర్యాలగూడ తరగతులకు వెళ్లేవారు సొంత బైబిలు, పెన్ను తీసుకువెళ్లాలి, ఎందుకంటే అక్కడ ఇచ్చే పుస్తకంలో వచనాల సంఖ్యలే తప్ప వచనాలు ఉండవు. కాగితం మీది గుర్తింపు గురించి అడగదలచినవారు ప్రశ్నను చీటీ మీద రాసి మొదటి రోజు ఉదయమే ఇవ్వడం మేలు, అప్పుడు దాన్ని భోజన విరామానికి వాయిదా వేయడం కష్టమవుతుంది.