రెండు బెలోలు మార్చినా ఆగని లీక్, ఆటోనగర్‌లో దొరికింది

నా 40 అడుగుల ట్రైలర్‌కి ఎయిర్ సస్పెన్షన్, అంటే బండి బెలోలనే గాలి నింపిన రబ్బరు సంచుల మీద నిలబడుతుంది. రాత్రి నిలబెడితే తెల్లారేసరికి నాలుగంగుళాలు దిగిపోయేది. హైవే పక్కన ఒక షెడ్డులో చూపిస్తే బెలోలు పోయాయని రెండు మార్చి 19,000 తీసుకున్నారు. మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ. పాత బెలోలు ఇంట్లోనే పడున్నాయి, ఒక్కదానికీ పగులు లేదు.

తోటి డ్రైవర్ చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఎయిర్ పని మాత్రమే చేసే మేస్త్రి దగ్గరికి వెళ్లాను. తొమ్మిదింటికి రమ్మని తను పదకొండింటికి వచ్చాడు. కానీ పని మొదలెట్టాక తొందరే లేదు. ముందు ఛాసిస్ కింద కొయ్య దిమ్మలు పెట్టించాడు. "గాలి ఒక్కసారి పోతే బండి మన మీద కూర్చుంటుంది బాబూ" అన్నాడు. గాలి 8 బార్‌కి ఎక్కించి ఇంజను ఆపించాడు.

చుట్టూ గ్రైండర్ల మోత, చెవితో పట్టుకునే వీల్లేదు. అంట్లు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి, పెయింట్ బ్రష్‌తో ప్రతి జాయింటుకీ పూశాడు. పూసినచోట రెండు నిమిషాలు ఆగి చూస్తాడు. బండి ఎత్తుని బట్టి బెలోలకి గాలి పంపి, ఎక్కువైతే వదిలేసే లెవలింగ్ వాల్వ్ కింది రంధ్రం దగ్గర బుడగ లేచింది. ఇంకేముంది, వాల్వ్ ఖర్చు తగిలిందనుకున్నా. ఆయన వాల్వ్ ఆర్మ్‌ని యాక్సిల్‌కి కలిపే లింకు రాడ్ ఊడదీసి, ఆర్మ్‌ని మధ్యకి తెచ్చి పట్టుకున్నాడు. బుడగలు ఆగిపోయాయి. వాల్వ్ బాగానే ఉంది, రాడ్ సెట్టింగే తప్పింది.

అసలు లీక్ మూడో యాక్సిల్ దగ్గర. నైలాన్ పైపుని ఛాసిస్‌కి పట్టి ఉంచే క్లిప్ వదులై, లోపల రాసుకుని రాసుకుని సూదిమొనంత బెజ్జం పడింది. క్లిప్ ఉన్నంతసేపూ అక్కడికి సబ్బునీళ్లు చేరవు. విప్పి పైపు ఇవతలికి లాగాక నురగ మెల్లగా పొంగింది. ఆ ముక్క బ్లేడుతో నిటారుగా కోసి, రెండు కొసల్నీ కలిపే జాయినర్ వేశాడు. కటింగ్ ప్లేయర్‌తో కోస్తే అంచు ఏటవాలుగా తెగి, జాయినర్ లోపలి రబ్బరు రింగు పట్టదట. క్లిప్ కింద పాత ట్యూబు ముక్క చుట్టాడు. రాడ్ కూడా సరిచేసి బిగించాడు.

కూలీ, సామాను కలిపి 1,050. ఆ రాత్రి టేపుతో కొలిచి, పొద్దున మళ్లీ కొలిచాను. సెంటీమీటరు కూడా దిగలేదు.

లోటు ఏంటంటే, నీడ లేదు, బిల్లు ఇవ్వడు. అడిగితే అట్టముక్క మీద రాసిచ్చాడు. లోడు బండి మాత్రం పట్టుకోడు, ఖాళీ చేసుకునే వెళ్లండి.