చంకలకీ గజ్జలకీ క్రీమా, రేజరా, ట్రిమ్మరా?

మందుల షాపులో హెయిర్ రిమూవర్ క్రీమ్ డబ్బా మీద 'సెన్సిటివ్ స్కిన్' అని కనిపించగానే, ఒంట్లో సున్నితమైన ఏ చోటికైనా పనికొస్తుందనుకుని కొనేసేవాళ్లు చాలామంది. ఆ మాటకు అర్థం అది కాదు. తేలిగ్గా కందిపోయే చర్మం ఉన్నవాళ్ల కోసం అని మాత్రమే. మామూలు వీట్ క్రీమ్ డబ్బానే వెనక్కి తిప్పి చూడండి. కాళ్లు, చేతులు, చంకలు, బికినీ లైన్ వరకు సరే అంటుంది. తల మీద, రొమ్ముల మీద, జననాంగాల మీద, మలద్వారం చుట్టూ వాడొద్దంటుంది. బికినీ లైన్ అంటే లోదుస్తు అంచు తొడను తాకే చోటు. దానికి బయట మొలిచేవాటికే క్రీమ్, లోపలివాటికి కాదు.

ఈ క్రీమ్‌లలో అసలు పని చేసేది పొటాషియం థయోగ్లైకొలేట్, లేదా కాల్షియం థయోగ్లైకొలేట్. వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ను గట్టిగా పట్టి ఉంచే గంధకపు బంధాలను అది తెంచేస్తుంది. అది పనిచేయడానికి తోడుగా గాఢమైన క్షారం కలుపుతారు. కాల్షియం హైడ్రాక్సైడ్ అని రాసి ఉంటే అది సున్నమే. ఆమ్లమో క్షారమో చెప్పే కొలత పీహెచ్, 7 దాటితే క్షారం; చర్మానిది 5 దగ్గర ఉంటుంది, క్రీమ్‌ది 12 దగ్గర. చర్మం పైపొర కూడా కెరటినే కాబట్టి క్రీమ్‌కి వెంట్రుక ఏదో చర్మం ఏదో తెలియదు. వెంట్రుక ముందు కరుగుతుంది, చర్మం తర్వాత. మనకున్న వెసులుబాటు ఆ మధ్య ఉన్న కొద్ది నిమిషాలే. లోపలి తడి పొరలకైతే ఆ కెరటిన్ కవచం కూడా సరిగ్గా ఉండదు, అందుకే అక్కడ తగిలితే భగ్గుమంటుంది.

చంకకు గానీ బికినీ లైన్‌కు గానీ క్రీమే వాడదలిస్తే, ముందురోజు అదే చోట రూపాయి బిళ్లంత రాసి, కడిగేసి, 24 గంటలు చూడాలి. ముంజేతి మీద పరీక్షించి గజ్జల్లో రాసుకోవడం వల్ల ఉపయోగం లేదు, రెండూ ఒకే చర్మం కాదు. వేడినీళ్ల స్నానం చేసిన వెంటనే రాయకండి, నానిన చర్మం మందును ఎక్కువ పీల్చుకుంటుంది. రుద్దకుండా, వెంట్రుకలు మునిగేంత మందంగా పరచండి. ఫోన్‌లో టైమర్ పెట్టండి. డబ్బా మీద చెప్పిన కనీస సమయం కాగానే ఒక మూల కొంచెం తుడిచి చూడండి, వెంట్రుక ఊడిపోతే మొత్తం తీసేయండి. ఊడలేదని గరిష్ఠ సమయం దాటించడం, పైన ఇంకో పూత వేయడం, ఈ రెండూ కాలిన గాయాలకు దారి. కడిగేటప్పుడు గోరువెచ్చని ఉత్త నీళ్లు చాలు, సబ్బు వద్దు. మధ్యలో మంట మొదలైతే అప్పుడే కడిగేయాలి. విరుగుడు పేరుతో నిమ్మరసం పిండొద్దు. మళ్లీ వాడటానికి కనీసం 72 గంటల ఎడం ఉండాలి, డియోడరెంట్‌కి 24 గంటలు. చంకలకు ఓ మోస్తరు మార్కులు వేయొచ్చు. గజ్జలకు మా ఓటు లేదు.

రేజర్ అందరికీ తెలిసిందే, అందరినీ ఇబ్బంది పెట్టేదీ అదే. మూడు, ఐదు బ్లేడ్ల రేజర్‌లో ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోపే వెనక బ్లేడు కోస్తుంది. కొస చర్మం మట్టం కన్నా కిందికి పోతుంది. గెడ్డానికి ఇదే గొప్పగా చెప్పుకునే నునుపు. కింద మొలిచేది ఉంగరాల వెంట్రుక. వాలుగా కోసిన మొన పైకి రాకుండా పక్కకు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఒంట్లో ముల్లు దిగితే ఎలా వాస్తుందో అలాగే వాస్తుంది. నాలుగో రోజు కనిపించే ఎర్రటి గుల్లల్లో చాలా వరకు అవే. వాటిని 'పడలేదు', 'వేడి చేసింది' అనుకుని మళ్లీ దాని మీదే గీస్తే నల్లమచ్చలు మిగులుతాయి.

రేజర్ తప్పదనుకుంటే ఒకే బ్లేడుది తీసుకోండి. ముందు కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో 3-5 మిల్లీమీటర్లకు తగ్గించి, గోరువెచ్చని నీళ్లతో అయిదు నిమిషాలు నాననివ్వండి. స్నానపు సబ్బు నురగ సరిపోదు, అది జారుడు ఇవ్వకుండానే ఆరిపోతుంది, సువాసన లేని షేవింగ్ జెల్ కావాలి. మొలిచిన వైపుకే, నొక్కకుండా, ఒకచోట ఒకేసారి. చర్మాన్ని బిగదీస్తే పని శుభ్రంగా అవుతుంది గానీ, కొస మళ్లీ లోపలికే పోతుంది. బ్లేడును 5-7 వాడకాల తర్వాత పారేయాలి. బకెట్ పక్కన తడిగా పడి ఉన్న రేజర్‌లో తుప్పు కన్నా సూక్ష్మక్రిముల భయమే ఎక్కువ. ఇంట్లో ఇద్దరికి ఒకే రేజర్ మాట అసలే వద్దు.

మేం చెప్పేది ట్రిమ్మర్. ఉదాహరణకు ఫిలిప్స్ వన్‌బ్లేడ్. దాని పళ్లు సెకనుకు 200 సార్లు కదులుతాయి, కానీ చర్మం మట్టానికి కాస్త పైనే కోసి ఆపేస్తాయి. ఆ కాస్త గరుకే దాని సుగుణం, మొన లోపలికి పోయే అవకాశం బాగా తక్కువ. ముఖానికీ ఒంటికీ కలిపి అమ్మే రకంలో చర్మానికి అడ్డుగా బిగించే గార్డు, 3 మిల్లీమీటర్ల దువ్వెన ఇస్తారు. గజ్జల్లో ఆ గార్డు లేకుండా నడపొద్దు. వదులు చర్మం మడతలు పళ్ల మధ్య ఇరుక్కుంటాయి, వృషణాల సంచి మీద ఇది మరీ ఎక్కువ. ఇక్కడ మాత్రం రెండో చేత్తో చర్మాన్ని మెల్లగా సాపు చేసి పట్టాలి. వెంట్రుక పొడిగా ఉన్నప్పుడే తగ్గించి, ఆ తర్వాత స్నానం చేయండి. లోపాలూ ఉన్నాయి. బ్లేడు నాలుగు నెలలకోసారి మార్చమంటారు, దాని ఖర్చు చూసి చాలామంది ఏడాదంతా ఒకటే లాగిస్తారు, మొద్దుబారిన పళ్లు కోయవు, పీకుతాయి. ముఖానికి వాడే బ్లేడే కిందా వాడటం ఇంకో దురలవాటు. నున్నగా కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చదు, రెండో రోజుకే గరుకు తెలుస్తుంది.

రేజర్ మీద మా అనుమానం ఊరికే వచ్చింది కాదు. ఆపరేషన్‌కు ముందు రేజర్‌తో గీయొద్దని, అవసరమైతే క్లిప్పర్‌తో (ట్రిమ్మర్ లాంటిదే) మాత్రమే తీయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో ఉంది. కంటికి కనిపించని గాట్లలో ఇన్ఫెక్షన్ మొదలవుతుందని. కాన్పుకు ముందు ఇంట్లోనే రేజర్‌తో గీసుకుని ఆస్పత్రికి వెళ్లే అలవాటు మానుకోవాలి.

వ్యాక్స్‌కి వెంట్రుక 6 మిల్లీమీటర్లు ఉండాలి, పొట్టిగా ఉంటే ఊడదు, మధ్యలో తెగుతుంది. చంకల్లో వెంట్రుకలు కనీసం రెండు దిక్కులకు మొలుస్తాయి కాబట్టి ఒకే పట్టీతో ఒకే లాగుడు అంటే సగం తెగినట్టే. పార్లర్‌లో ఒకటే చూడండి: ఒంటికి తాకిన పుల్లను మళ్లీ డబ్బాలో ముంచుతున్నారా? ముంచితే లేచి వచ్చేయండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేవాళ్లు, ఆపి ఆరు నెలలు కానివాళ్లు వ్యాక్స్ జోలికి పోకూడదు, చర్మమే ఊడి వస్తుంది.

లేజర్ గురించి ఒక్క మాట. మన చామనఛాయ, నలుపు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ క్షేమం. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్‌తో కాలే అవకాశం ఎక్కువ. క్లినిక్‌లో 'ఏ మెషీన్?' అని అడిగితే సూటిగా జవాబు రావాలి. దాంతో వెంట్రుకలు తగ్గుతాయి, ఒక్కటీ మిగలకుండా పోతాయని మాత్రం అనుకోవద్దు.

ఏ పద్ధతైనా ఆ రోజంతా వదులు నూలు బట్టలే. బిగుతు జీన్స్, బైక్ మీద దూరప్రయాణం మర్నాటికి పెట్టుకోండి. చల్లటి తడిగుడ్డ అయిదు పది నిమిషాలు వేసి, పైన పల్చగా పెట్రోలియం జెల్లీ రాస్తే సరిపోతుంది. పసుపు, పటిక, నీళ్లు కలపని యాంటీసెప్టిక్ లోషన్ ఏవీ వద్దు. లోపలికి మొలిచిన వెంట్రుకను సూదితో తవ్వకండి. గుల్లలు వచ్చే అలవాటుంటే రెండు మూడు రోజులయ్యాక 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ బయటి చర్మానికి మాత్రం రాయొచ్చు.

గజ్జల్లో దురదతో, అంచులు ఎర్రగా లేచి గుండ్రంగా పాకుతూ ఉంటే అది రేజర్ మంట కాదు, తామర. దాని మీద గీస్తే పక్కకు అంటుకుంటుంది. షాపులో అడగగానే ఇచ్చే, క్లోబెటసాల్ అనే ఘాటు స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే దురద ఆగుతుంది, తామర లోలోపల పాకుతుంది. ముంజేతితో పోలిస్తే వృషణాల సంచి చర్మం హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్‌ను దాదాపు 40 రెట్లు పీల్చుకుంటుంది, అలాంటి చోట అంత ఘాటు స్టెరాయిడ్ ఎంత పని చేస్తుందో ఊహించుకోండి. చీము, జ్వరం, పాకే ఎరుపు ఉంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చంకల్లో, గజ్జల్లో నొప్పి గడ్డలు మానుతూ మళ్లీ మళ్లీ లేస్తుంటే అది హైడ్రడినైటిస్ సప్యురటైవా అనే చర్మవ్యాధి కావచ్చు, రేజర్ మార్చినంత మాత్రాన అది తగ్గదు, చర్మ వైద్యుడికి చూపించాలి.