పాత ఫైబర్‌ మీదే 10 నుంచి 100 గిగాబిట్లకు: బైడీ మాడ్యూళ్లతో ఎనిమిదేళ్లు

హైదరాబాద్‌లో ఒక డేటా సెంటర్ నెట్‌వర్క్ బాధ్యత చూసే నేను 40 గిగాబిట్ బైడీ మాడ్యూల్‌ను (ఒకే పోగులో కాంతిని రెండు దిశలా నడుపుతూ స్విచ్‌ను ఫైబర్‌కు కలిపే పరికరం) తొలిసారి 2016లో వాడాను. అప్పటికి మా హాలులో ఫాల్స్ ఫ్లోర్ కింద ఉన్నదంతా ఓఎం3 రకం మల్టీమోడ్ ఫైబర్ (తక్కువ దూరాలకు వాడే గాజు పోగులు). 10 గిగాబిట్ల కోసం వేసినది కాబట్టి ఒక్కో లింకుకు రెండేసి పోగులు, కొసల్లో పోగుకొక్కటి చొప్పున ఎల్‌సీ కనెక్టర్లు ఉండేవి. ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ 2010లో తెచ్చిన 802.3బీఏ ప్రమాణంలోని 40 గిగాబిట్ల ఎస్‌ఆర్4 పద్ధతికి మారాలంటే పంపడానికి నాలుగు, అందుకోవడానికి నాలుగు, మొత్తం ఎనిమిది పోగులు కావాలి, కనెక్టర్ కూడా అనేక పోగులను కలిపి పట్టే ఎంపీఓ కావాలి. అంటే నడుస్తున్న ర్యాకుల మధ్య పలకలు లేపి ట్రంకులన్నీ (హాలులో పరిచిన ప్రధాన కేబుళ్లు) కొత్తగా లాగడమే.

ఆ పని బైడీ వల్ల తప్పింది. 2013లో సిస్కో తెచ్చిన ఈ మాడ్యూల్, స్విచ్ ఇచ్చే నాలుగు 10 గిగాబిట్ వరుసలను తన లోపలే రెండు 20 గిగాబిట్ వరుసలుగా కలిపి, ఒకదాన్ని 850 నానోమీటర్ల దరిదాపు కాంతితో ఒక పోగులోకి, రెండోదాన్ని 900 దరిదాపు కాంతితో రెండో పోగులోకి పంపుతుంది. ప్రతి పోగులోనూ అవతలి నుంచి రెండో తరంగదైర్ఘ్యం ఎదురు వస్తుంది. లోపలి ఫిల్టరు రెండింటినీ వేరుచేస్తుంది. ఇది ఐఈఈఈ ప్రమాణం కాదు, ఎస్‌ఆర్4తో కలవదు, కాబట్టి రెండు కొసల్లోనూ బైడీయే ఉండాలి. ఒక పోర్టును నాలుగు 10 గిగాబిట్ పోర్టులుగా విడగొట్టుకునే సౌకర్యమూ పోతుంది. మాకు ఆ అవసరం లేదు. పాత ప్యాచ్ ప్యానెళ్లు, పాత ట్రంకులు అలాగే ఉంచి నాలుగు వారాంతాల్లో పని ముగించాము, ఆ తరువాత ఇన్నేళ్లలో చెడిపోయిన మాడ్యూళ్లు చాలా తక్కువ.

మారవలసి వచ్చింది మా అలవాట్లే. 10 గిగాబిట్ లింకు పైకి రాకపోతే ప్యాచ్ కార్డు (పోర్టుకు తగిలించే పొట్టి కేబులు) తీసి, కాంతి శక్తిని కొలిచే పవర్ మీటరు పెట్టి, వెలుతురున్న పోగు అవతలివారు పంపుతున్నదని తేల్చుకునేవాళ్లం. బైడీలో రెండు పోగుల్లోనూ ఎప్పుడూ వెలుతురుంటుంది. ఒక రాత్రి ఒక కార్డులో రెండు పోగులూ తారుమారయ్యాయి. రెండు కొసల నుంచీ ఒకే తరంగదైర్ఘ్యం ఒకే పోగులోకి ఎదురెదురుగా వస్తుంటే ఏ వైపు ఫిల్టరూ దాన్ని లోపలికి రానివ్వలేదు. మీటరు మాత్రం కాంతి పుష్కలంగా ఉందని చూపుతుంటే, మాడ్యూల్ అందుకున్న శక్తి దాదాపు సున్నా అని చెప్పింది. ఆ తేడాను పట్టుకోవడానికి మాకు రెండు గంటలు పట్టింది. ఇప్పుడు అనుమానం వస్తే ముందుగా మాడ్యూల్ రీడింగు చూస్తాము, ఆ తరువాత కార్డును ఒకసారి తిప్పి పెడతాము. ట్రాఫిక్‌ను గమనించడానికి పెట్టిన పాత ట్యాపులు కూడా పనికిరాకుండా పోయాయి, ఎందుకంటే అవి ఒక పోగులో కాంతి ఒకే దిశలో వెళుతుందన్న నమ్మకం మీద తయారైనవి. బైడీ కోసం ప్రత్యేకంగా చేసిన ట్యాపులు కొనవలసి వచ్చింది. బడ్జెట్ వేసుకునేవారు ఈ ఖర్చును ముందే రాసుకోవాలి.

2021లో 100 గిగాబిట్లకు వెళ్లినప్పుడు అసలు పాఠం నేర్చుకున్నాము. ఇక్కడ ఒక్కో తరంగదైర్ఘ్యం మీద 50 గిగాబిట్లు, అదీ నాలుగు కాంతి స్థాయులున్న పామ్4 సంకేతంతో వెళతాయి. స్థాయుల మధ్య ఎడం తగ్గడంతో దూరమూ తగ్గుతుంది. 40 గిగాబిట్ బైడీ ఓఎం3 మీద 100 మీటర్లు పోతే, 100 గిగాబిట్ బైడీ 70 మీటర్లే పోతుంది; 100 మీటర్లు కావాలంటే అంతకన్నా మెరుగైన ఓఎం4 రకం ఫైబర్, 150 కావాలంటే ఓఎం5 ఉండాలి. మాకు సరఫరా చేసిన వారి కొటేషన్‌లో ఫైబర్ రకం ప్రస్తావనే లేకుండా 100 మీటర్లని మాత్రమే ఉంది, నేనూ అడగలేదు. మా హాలులో అతి పొడవైన లింకు 92 మీటర్లు. అది మొదటి రోజు శుభ్రంగా పైకి వచ్చింది, మూడో రోజు నుంచి పడిపోతూ లేస్తూ ఉంది. తప్పుల దిద్దుబాటు మాడ్యూల్ లోపలే జరగడం వల్ల, దిద్దే శక్తి చాలినంతసేపు స్విచ్ లెక్కల్లో ఒక్క తప్పూ కనపడదు, అది చాలని క్షణాన లింకు ఒక్కసారిగా పోతుంది. అదే కారణంగా స్విచ్ వైపు ఎఫ్‌ఈసీని (ఇదే తప్పుల దిద్దుబాటు) ఆపి ఉంచాలి. మొదటి రెండు లింకులు అసలు పైకి రాకపోవడానికి కారణం అది ఆన్‌లో ఉండడమే.

కనుక పొడవులన్నీ మళ్లీ కొలిచాము. 70 మీటర్లు దాటిన లింకులకు మాత్రం కొత్తగా ఓఎం4 వేశాము. ఓఎం3, ఓఎం4 కేబుళ్లు రెండూ తరచు ఒకే నీలిపచ్చ రంగులో వస్తాయి కాబట్టి రంగును నమ్మకుండా పైన ముద్రించిన అక్షరాలు చదవడం తప్పనిసరి. దారిలో ఒక్క ముక్క ఓఎం3 ఉన్నా మొత్తం లింకును ఓఎం3గానే లెక్కించుకుంటాము. కనెక్టర్ ముఖం మీద మురికిని పామ్4 అస్సలు సహించదు. 40 గిగాబిట్ల దగ్గర ఏళ్ల తరబడి నడిచిన ఒక కనెక్టర్ 100 దగ్గర శుభ్రం చేసేదాకా పనిచేయలేదు. ఇప్పుడు ముఖాన్ని పెద్దదిగా చూపే స్కోపుతో చూడనిదే ఏ కనెక్టర్‌నూ బిగించము.

400 గిగాబిట్ల విషయంలో పాత ఫైబర్ మీద నాకు ఆశ లేదు. 2020లో వచ్చిన 802.3సీఎం ప్రమాణంలోని ఎస్‌ఆర్4.2 ఇవే రెండు తరంగదైర్ఘ్యాలను, ఇవే దూరాలను ఉంచింది, అయితే నాలుగు జతల పోగులు అడుగుతుంది. జత పోగులతో గట్టెక్కే అవకాశం అక్కడ ముగిసింది. అందుకే కొత్త హాలులో మొదటి నుంచే ఎంపీఓ ట్రంకులు వేయించాను. ఓఎం5 ఆధిక్యం 850కి పైనున్న తరంగదైర్ఘ్యాల దగ్గరే కనిపిస్తుంది. కొత్త హాలులో మా లింకులేవీ 90 మీటర్లు దాటవు కాబట్టి దానికి అదనంగా డబ్బు పెట్టకుండా ఓఎం4నే ఎంచుకున్నాను.