చేపల తొట్టె కింద సంపు: అద్దానికి రంధ్రం మేలా, అంచున తగిలించే డబ్బా మేలా?

విజయవాడలో సంపు అనగానే ఇంటి ముందు నేలలో కట్టుకునే నీళ్ల తొట్టే గుర్తుకు వస్తుంది. చేపల తొట్టె కింద అమర్చే సంపు కూడా దానికి చుట్టమే. పైనుంచి దిగిన నీరు స్పాంజి, బయో మీడియాల (మేలు చేసే బాక్టీరియా పెరిగే రాళ్లు, రింగుల వంటివి) గుండా సాగి, చివరి గదిలోని మోటారు ద్వారా తిరిగి పైకి చేరుతుంది. పైకి పంపే పని మోటారు చూసుకుంటుంది. కిందికి దించే దారిని మాత్రం మనమే ఎంచుకోవాలి: తొట్టె అద్దానికి రంధ్రం కోయించి గొట్టం బిగించడమా, అంచున డబ్బా తగిలించడమా అని.

నిండుగా ఉన్న తొట్టెను ఖాళీ చేయడానికి మనసొప్పక నేను మొదట డబ్బానే తెచ్చాను. తొట్టె అంచుకు తగిలించే ఈ డబ్బాలో, అద్దం మీదుగా వంగిన యూ ఆకారపు గొట్టం సైఫన్ పద్ధతిలో నీటిని బయటికి లాగుతుంది. అద్దం కోయనక్కరలేదు, ఒక్క పూటలో పని ముగుస్తుంది. అయితే ఆ వంపులో గాలి బుడగలు కొద్దికొద్దిగా చేరుతూ ఉంటాయి. నిరుడు వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక ధార తెగిపోయింది. మోటారు మాత్రం సంపులోని నీటిని పైకి తోస్తూనే ఉంది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి హాల్లో చాప నానిపోయి, మోటారు నీరందక గరగరమంటోంది.

అందుకే నా ఓటు రంధ్రానికే. డైమండ్ బిట్టుతో, నీళ్లు పోస్తూ, డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ, బలం పెట్టకుండా కోయించాలి. టఫెన్డ్ గ్లాసు (వేడి చేసి గట్టిపరిచిన అద్దం) అయితే బిట్టు తగిలిన మరుక్షణం ముక్కలుముక్కలవుతుంది కనుక ముందే నిర్ధారించుకోవాలి. అంగుళం పైపుకు అంగుళం రంధ్రం చాలదు. ముందు ట్యాంక్ కనెక్టర్ (రంధ్రంలో పైపును నీరు కారకుండా బిగించే భాగం) కొని, దాని మరచుట్ల (థ్రెడ్ల) బయటి కొలత చూసి బిట్టు ఎంచుకోవాలి. రంధ్రాలు రెండు ఉండడం మంచిది. ఒక్క గొట్టమే అయితే నీటితో పాటు గాలినీ మింగి రాత్రంతా గుడగుడలాడుతుంది. రెండున్నప్పుడు మొదటిదానికి వాల్వు పెట్టి నిండుధారగా నడిపించి, రెండోదాన్ని కాస్త ఎత్తులో తెరిచి ఉంచితే, మొదటిది మూసుకుపోయినా నీరు నేలపాలు కాదు.

కరెంటు పోయినప్పటి లెక్క రెండు పద్ధతులకూ ఒకటే. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న తొట్టెలో అంగుళం నీరంటే దాదాపు 14 లీటర్లు. మోటారు గొట్టం మూతి రెండంగుళాలు మునిగి ఉంటే, మోటారు ఆగగానే 28 లీటర్ల దాకా వెనక్కి దిగుతుంది. సంపులో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. నీటిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వు పెట్టుకుంటే సరిపోతుందని కొందరంటారు గానీ, నాచు చేరితే అది సరిగా మూసుకోదు. నీటిమట్టానికి కాస్త దిగువన ఆ గొట్టానికి సన్నని రంధ్రం వేస్తే, గాలి చొరబడి వెనక్కి వచ్చే ధార తెగిపోతుంది. మోటారు గదిలో 10 లీటర్లకు మించి పట్టకుండా కట్టించి, పై తొట్టెలో అంగుళం వెలితి ఉంచితే, దిగే దారి పూర్తిగా మూసుకుపోయినా నీరు అంచు దాటదు. కాకపోతే అంత చిన్న గదిలో మన ఎండలకు మట్టం త్వరగా పడిపోతుంది కనుక, వేసవిలో రోజూ క్లోరిన్ తీసిన నీరు పోయక తప్పదు.

తొట్టె టఫెన్డ్ గ్లాసుదైతే డబ్బాయే గతి. అప్పుడు యూ గొట్టాలు రెండు పెట్టి, వారానికోసారి వంపులో గాలిని లాగేయాలి. రంధ్రాల పద్ధతిలో ఓపిక కావలసిందల్లా వాల్వు సర్దుబాటుకే. రెండో గొట్టంలోకి సన్నని పాయ మాత్రమే దిగేలా తిప్పడానికి పావు తిప్పుకే మూసుకునే బాల్ వాల్వుతో నాకు రెండు రోజులు పట్టింది. చాలా చుట్లు తిప్పి కొద్దికొద్దిగా సర్దుకోగల గేట్ వాల్వుకు మార్చాక పది నిమిషాలు పట్టింది.