నడిరోడ్డు మీద గిరీష్‌బాబు ఇల్లు: కోల్‌కతా పాత నాటకాల వాడ

కోల్‌కతా వెళ్లే మనవాళ్లు ఎక్కువగా పార్క్ స్ట్రీట్ వైపో, ధర్మతలలోనో దిగుతారు. విక్టోరియా మెమోరియల్, న్యూమార్కెట్ చూసి రావడానికి అది అనువైన చోటే. నాటకాల చరిత్ర కోసం వెళ్తున్నవారు మాత్రం ఉత్తరాన శోభాబజార్, హాతీబాగాన్ మధ్య గది తీసుకోవడం మేలు. చూడవలసినవన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాయి. మెట్రో టికెట్ 5 రూపాయల నుంచే మొదలు. ఒక స్టేషన్ పేరే గిరీష్ పార్క్. బెంగాలీ నాటకకర్త, నటుడు గిరీష్‌చంద్ర ఘోష్ పేరు అది. నాటకకారుడి పేరు పెట్టుకున్న రైల్వే స్టేషన్లు మన దేశంలో ఎన్ని ఉంటాయి?

మేము దిగింది అతిథిగృహంగా మార్చిన ఒక పాత మేడలో. ఎత్తైన పైకప్పు, ఎర్ర గచ్చు, నిలువెత్తు చెక్క రెక్కల కిటికీలు. చూడటానికి బాగుంది. వేడినీళ్లు మాత్రం అడిగిన అరగంటకు బకెట్టులో వచ్చేవి. అసలు ఇబ్బంది గేటుతో. రాత్రి పది కొట్టగానే తాళం వేసేస్తారు. నాటకం చూసి, ఇంత తిని వచ్చేసరికి కాపలాదారును నిద్ర లేపాల్సి వచ్చింది. నాటకాల వాడలో గదులు అద్దెకిస్తూ, నాటకానికి వెళ్లిన మనిషిని వీధిలో నిలబెట్టడం ఏమి మర్యాదో! డబ్బు కట్టే ముందే ఈ సంగతి అడగండి.

విధాన్ సరణిలోని స్టార్ థియేటర్ అందరూ మొదట చెప్పే చోటు. వీధి పాత పేరు కార్న్‌వాలిస్ స్ట్రీట్. 1888 నాటి ఆ భవనం 1991లో కాలిపోయింది. ముఖభాగం పాత పోలికలతో నిలబెట్టి, లోపల కొత్త హాలు కట్టి 2004లో తెరిచారు. ఇప్పుడు ఎక్కువగా సినిమాలు ఆడుతున్నాయి. నాటకం ఉన్న రోజు చూసుకుని వెళ్తే సరే, లేకపోతే బయటి నుంచి చూసి ముందుకు నడవవచ్చు. 2024 చివర్లో దీని పేరు బినోదినీ థియేటర్‌గా మార్చారు. ఆ మార్పు వెనుక ఉన్న కథ భవనం కంటే పెద్దది.

మొదటి స్టార్ ఇక్కడ కాదు, బీడన్ స్ట్రీట్‌లో 1883లో వెలిసింది. మన సురభి పుట్టడానికి రెండేళ్ల ముందు. నటి బినోదినీ దాసి మీద మోజుతో గుర్ముఖ్ రాయ్ అనే యువ వ్యాపారి దానికి డబ్బు పెట్టాడు. థియేటర్‌కు తన పేరు పెడతామని తోటివాళ్లు ఆశపెట్టారని, తీరా రిజిస్ట్రేషన్ నాటికి ‘స్టార్’ అని రాయించారని ఆమె ఆత్మకథలో వాపోయింది. వేశ్యావాటిక నుంచి వచ్చిన ఆడదాని పేరు గుమ్మం మీద ఉంటే పెద్దమనుషులు రారని వాళ్ల భయం. 1884లో ‘చైతన్యలీల’లో ఆమె చైతన్యుడి వేషం కడితే సాక్షాత్తు రామకృష్ణ పరమహంస వచ్చి చూశారు. మూడేళ్లు తిరక్కుండానే, ఇరవై మూడేళ్లు అటూఇటూ వయసులో, ఆమె రంగస్థలం వదిలేసింది. బోర్డు మీదికి పేరు రావడానికి మాత్రం నూట నలభై ఏళ్లు పట్టింది.

ఆ తొలి థియేటర్ కోసం వెతక్కండి. భవనం చేతులు మారినప్పుడు నటులు ‘స్టార్’ అన్న పేరును తమ దగ్గరే ఉంచుకుని కార్న్‌వాలిస్ స్ట్రీట్‌కు వెళ్లిపోయారు. పాత భవనం ఎమరాల్డ్, క్లాసిక్, కోహినూర్, మన్‌మోహన్ అంటూ పేర్లు మార్చుకుంటూ బతికి, చివరికి సెంట్రల్ ఎవెన్యూ, అంటే ఇప్పటి చిత్తరంజన్ ఎవెన్యూ, వేసేటప్పుడు నేలమట్టమైంది. బినోదిని నటించిన వేదిక ఉన్న చోట ఇప్పుడు బస్సులు తిరుగుతున్నాయి.

అదే బీడన్ స్ట్రీట్‌లో మినర్వా థియేటర్ ఉంది. నా ఓటు దీనికే. 1893లో గిరీష్‌చంద్ర ఘోష్ తెనిగించిన, కాదు కాదు, బెంగాలీ చేసిన ‘మాక్‌బెత్’తో మొదలైంది. 1922లో కాలిపోయి మళ్లీ లేచింది. 1959లో నటుడు, దర్శకుడు ఉత్పల్ దత్ బృందం దీన్ని చేతిలోకి తీసుకుని ‘అంగార్’ ఆడింది. బొగ్గు గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చే దృశ్యాన్ని తాపస్ సేన్ కేవలం దీపాలతో చూపించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరమ్మతుల తరువాత ఇక్కడ నాటకాలు ఆడుతూనే ఉన్నారు. భాష రాకపోయినా ఒక సాయంత్రం కూర్చోండి. హాలు చిన్నది కాబట్టి నటుల ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి. టికెట్ కిటికీ దగ్గర నాకు హిందీలోనే ఓపికగా కథ చెప్పి మరీ టికెట్ ఇచ్చారు.

గిరీష్‌బాబు ఇల్లు బాగ్‌బజార్‌లో, శ్యాంబజార్ మెట్రో నుంచి నడక దూరం. గిరీష్ ఎవెన్యూ ఆ ఇంటి దాకా తిన్నగా వచ్చి, రెండు పాయలుగా చీలి, ఇంటిని చుట్టుకుని మళ్లీ కలుస్తుంది. ఏటి నడుమ లంకలా ఉంటుంది ఆ ఇల్లు. రెండు వైపులా ఆటోల రొద. నగరంలో నాకు బాగా నచ్చిన దృశ్యం ఇదే, పైసా ఖర్చు లేదు. అక్కడికి దగ్గర్లోనే సోదరి నివేదిత ఇల్లు మ్యూజియంగా ఉంది. వీలుంటే అదీ చూడండి.

చిత్పూర్ రోడ్డు, ఇప్పటి రవీంద్ర సరణి, జాత్రా కంపెనీల వీధి. జాత్రా అంటే ఊరూరా తిరిగి ఆడే బెంగాలీ జానపద నాటకం. ‘ఒపేరా’ అని పేర్లు పెట్టుకున్న ఇరుకు గదుల ఆఫీసులు, బయట గోడల నిండా కళ్లు పెద్దవి చేసిన నాయికల పోస్టర్లు. రథయాత్ర రోజున కొత్త నాటకాలకు బయానాలు మొదలవుతాయి, దుర్గాపూజ నుంచి ఊళ్ల మీదికి బయలుదేరతారు. అందుకని వీధి సందడి చూడాలంటే రథయాత్ర నాటికి వెళ్లాలి. ఎండాకాలం వెళ్తే సగం తలుపులు మూసి ఉంటాయి.

తిండికి బెంగ లేదు. హేదువా దగ్గర నకుడ్ దుకాణం 1844 నుంచి ఉంది, సందేశ్ అనే పాలవిరుగుడు మిఠాయికి పేరు. బెల్లం సందేశ్ చలికాలంలోనే బాగుంటుంది. ఇక హాతీబాగాన్ కాలిబాట మీద సాయంత్రం ఆరు దాటాక చీరల బేరాల మధ్య అడుగు తీసి అడుగు వేయలేరు. మినర్వాకు టికెట్ ఉన్న రోజున ఆ దారి పట్టకండి.